రేవులో దిగినా బడి వదలదు

తెరచాప ఓడ మీద చదువుకునే పిల్లలకు రేవులో గడిచే ఒక రోజు ఎలా ఉంటుంది? విజయనగరం దగ్గరి రామతీర్థం కొండల పక్కన పెరిగే పిల్లకు ఆ ఓడ ఎంత దూరం?

రెండు వారాలు నీళ్ళ మీదే ఉండి వచ్చిన కుర్రాడికి రేవు కనిపించగానే దిగి పరుగెత్తాలని ఉంటుంది. ఒళ్ళంతా ఉప్పు, అట్టకట్టిన జుట్టు. జేబులో ఫోనుకు అప్పుడే సిగ్నలు అందుతుంటుంది. ఇంటికి ఫోను చెయ్యాలి, మంచినీళ్ళతో తలారా స్నానం చెయ్యాలి, ఊగని మంచం మీద పడుకోవాలి. ఓడ రేవు గోడకు ఆనుకున్నాక వినిపించే మొదటి ఆర్డరు మాత్రం వేరు. స్తంభాలెక్కండి, తెరచాపలు సర్దండి!

మన నౌకాదళానికి ఇలాంటి శిక్షణ ఓడలు రెండున్నాయి. ఐఎన్‌ఎస్ తరంగిణి 1997లో, ఐఎన్‌ఎస్ సుదర్శిని 2012లో నౌకాదళంలో చేరాయి. రెండూ గోవా షిప్‌యార్డులో తయారైనవే, రెండింటికీ కొచ్చి స్థావరం. పొడవు 54 మీటర్లు, మూడు స్తంభాలు, ఇరవై తెరచాపలు. సుదర్శిని మీదున్న తాళ్ళన్నీ విప్పి పరిస్తే ఏడున్నర కిలోమీటర్లు వస్తాయి, ఉక్కు తాళ్ళు ఇంకో ఒకటిన్నర కిలోమీటరు. అయిదుగురు ఆఫీసర్లు, 31 మంది నావికులు, వాళ్ళ చేతికింద 30 మంది క్యాడెట్లు. కేరళలోని ఎజిమల నౌకాదళ అకాడమీలో చదువు ముగించుకుని వచ్చే పిల్లలు శిక్షణలో భాగంగా ఈ ఓడలెక్కుతారు. రేపు వీళ్ళు నడపబోయేవి గ్యాస్ టర్బైన్ల యుద్ధనౌకలు, జలాంతర్గాములు. అలాంటివాళ్ళకు తెరచాప దేనికి? గాలి ఎటు తిరిగిందో, నీరు ఎటు లాగుతోందో తెర మీద అంకెల్లో చూసేవాడికి వేరుగా తెలుస్తుంది, అరచేతిలో తాడు బిగుసుకున్నవాడికి వేరుగా తెలుస్తుంది. పైగా ఇక్కడ ఏ పనీ ఒక్కడి వల్ల కాదు. పదిమంది ఒకేసారి లాగితే తప్ప పెద్ద చాప లేవదు.

రేవులో రోజు తాడుతోనే మొదలవుతుంది. ఓడ గోడకు చేరువవుతుండగా అణియం మీద ఒక క్యాడెట్ సన్నతాడు చుట్ట పట్టుకుని నిలబడతాడు. తాడు చివర బంతిలా అల్లిన బరువైన ముడి ఉంటుంది. చుట్టను రెండు చేతుల్లోకి పంచుకుని, ఒడ్డున ఉన్న మనిషి తల మీదుగా అవతల పడేలా విసరాలి. మనిషికి తగలకూడదు, నీళ్ళలో పడకూడదు. సన్నతాడు రెండో కొసకు ముంజేయంత లావు మోకు కట్టి ఉంటుంది. ఒడ్డు మీది కళాసీ దాన్ని లాగి ఇనుప గుంజకు తగిలిస్తాడు. కొత్త కుర్రాడు మొదటిసారి విసిరినప్పుడు తాడు చాలావరకు నీళ్ళలోనే పడుతుంది. ఒడ్డంతా చూస్తుండగా దాన్ని మళ్ళీ లాక్కుని, తడిసి బరువెక్కిన తాడునే చుట్టి మళ్ళీ విసరాలి. ఎన్ని పరీక్షలు పాసై వచ్చినా ఆ నిమిషం మాత్రం మొహం ఎర్రబడాల్సిందే.

మోకులు కట్టాక ఒక్కో మోకుకూ గుండ్రటి రేకు పళ్ళెం తొడుగుతారు. ఓడ చూడ్డానికి వచ్చిన చిన్నపిల్లలు ముందు దాని సంగతే అడుగుతారు. అది ఎలుకల కోసం. రేవుల్లో ఎలుకలు మోకు మీద నడిచి ఓడెక్కేస్తాయి, ఆ పళ్ళెం దగ్గరకొచ్చి ఆగిపోతాయి. వందల ఏళ్ళుగా ఓడలు ఒక దేశపు రోగాన్ని ఇంకో దేశానికి మోసుకుపోయిన దారుల్లో మోకెక్కే ఈ ఎలుకలదీ ఒకటి.

తర్వాత స్తంభాల వంతు. తెరచాపను చుట్టడంలో రెండు పద్ధతులున్నాయి. నడిసంద్రంలో గాలి ముంచుకొస్తుంటే ఎలాగోలా పోగేసి కట్టేస్తే చాలు. రేవులో అది కుదరదు. గుడ్డ అంచు ఎక్కడా వేలాడకూడదు, మడతలు లోపలికి పోవాలి, అడ్డకర్ర పొడవునా చుట్ట ఒకే మందంలో రావాలి. తడి చాపనైతే ముందు విప్పి ఆరబెట్టి, తర్వాతే చుట్టాలి. ఈ పనికి క్యాడెట్లు అడ్డకర్ర కింద వేలాడే ఒకే ఒక తాడు మీద వరసగా నిలబడి, పొట్టను కర్రకు ఆనించి, రెండు చేతులతో గుడ్డను పైకి లాక్కుంటారు. నడుముకు భద్రతా బెల్టు ఉంటుంది. ఒకడు కాలు కదిపితే ఆ వరసలో అందరి కాళ్ళ కిందా తాడు కదులుతుంది. పక్కవాడికి చెప్పకుండా అడుగు వెయ్యకూడదన్న సంగతి ఆ తాడు మీద ఒక్కసారి నిలబడితే జన్మకు గుర్తుండిపోతుంది. ఓడ నిలకడగా ఉన్న ఈ పూటే మొదటిసారి ఎక్కేవాళ్ళకు కాస్త అనువైన పూట.

ఉదయం 8 గంటలకు జెండా ఎక్కుతుంది. రేవులో ఉన్న నౌకాదళ ఓడల మీద అది నియమం, మళ్ళీ సూర్యాస్తమయానికి దింపుతారు. ఆ తర్వాత రోజంతా నడిచేది మరమ్మతుల బడి. ఉప్పు పేరుకున్న డెక్కును, ఇత్తడిని, కప్పీలను మంచినీళ్ళతో కడుగుతారు. ప్రతి తాడునూ చేత్తో తడుముతూ పోతారు, ఎక్కడ రాసుకుని పీచు లేచిందో చెయ్యి చెప్పినంత బాగా కన్ను చెప్పదు. అరిగిన చోట కోసి రెండు కొసల పురులను ఒకదానిలోకి ఒకటి అల్లి అతుకుతారు. చిరిగిన చాపకు అరచేతికి తోలుపట్టీ తొడుక్కుని, మూడు పలకల సూదితో మాసిక వేస్తారు. ఇంజను గదిలో ఇంకో జట్టు నూనె మారుస్తుంటుంది. అవును, తెరచాప ఓడకు ఇంజన్లూ ఉంటాయి. రేవులోకి రావడానికీ పోవడానికీ, గాలి చచ్చినప్పుడూ అవి కావాలి. సందర్శకుల్లో కనీసం ఒకరైనా ఆ మాట విని మోసపోయినట్టు మొహం పెడతారు.

మధ్యాహ్నం జనాన్ని ఓడెక్కనిస్తే క్యాడెట్లు తెల్ల యూనిఫారాల్లో మెట్ల దగ్గర నిలబడాలి. ఇదీ పాఠమే, నన్నడిగితే అన్నిటికన్నా కష్టమైన పాఠం. ఊరు తెలియదు, భాష రాదు. ఎనిమిదేళ్ళ పిల్ల ‘రాత్రుళ్ళు భయమెయ్యదా?’ అంటుంది. రిటైరైన ఓడ కెప్టెన్ ఒకాయన ఏదో తాడు పట్టుకుని ‘దీని పేరేంటి బాబూ?’ అంటాడు. ఇద్దరికీ ఒకే మర్యాదతో జవాబు చెప్పాలి. 2012 సెప్టెంబరు 15న కొచ్చిలో బయలుదేరిన సుదర్శిని ఆరు నెలల్లో తొమ్మిది ఆగ్నేయాసియా దేశాల్లోని 13 రేవులు తిరిగి 2013 మార్చి 25న వెనక్కి వచ్చింది. పదమూడు చోట్లా ఎవరో ఒక క్యాడెట్ ఇలా మెట్ల దగ్గర నిలబడే ఉంటాడు. 2003-04లో తరంగిణి భూమిని చుట్టి వచ్చింది, మన నౌకాదళంలో ఆ పని చేసిన మొదటి ఓడ అదే. అప్పుడూ అంతే.

సాయంత్రానికి షోర్ లీవ్, అంటే ఒడ్డుకు దిగే సెలవు దొరుకుతుంది, అదీ వంతులవారీగా. నేల మీద అడుగుపెట్టాక చాలామందికి నేలే ఊగుతున్నట్టు ఉంటుంది. ఒంట్లో ఇంకా అల ఆగలేదన్నమాట. చెప్పిన టైముకు వెనక్కి రావాలి, జర్నల్ రాయాలి. వంతు రానివాళ్ళు రాత్రంతా మోకుల కాపలా కాస్తారు. కట్టేసిన ఓడకు కాపలా ఏంటంటారా? ఆటుపోట్లు. విశాఖలో పోటుకూ పాటుకూ మధ్య తేడా మనిషెత్తుకు మించదు కాబట్టి మనకు తెలియదు. ఇంగ్లండు పడమటి తీరంలో కొన్నిచోట్ల ఆ తేడా పది మీటర్లు దాటుతుంది. నీరు తీస్తుంటే ఓడ గోడ కిందికి దిగిపోతూ ఉంటుంది, మోకులు బిగుస్తాయి. ఎవరూ వదులు చెయ్యకపోతే తెగుతాయి. నిద్రకళ్ళతో ప్రతి గంటా మోకు తట్టి చూసేవాడే ఆ రాత్రికి ఓడకు దిక్కు.

ఆరుగురు, 55 రోజులు

ఓడ మీద అరవై మందుంటే పని పంచుకోవచ్చు. 55 అడుగుల పడవ మీద ఆరుగురే ఉంటే? ఐఎన్‌ఎస్‌వీ తారిణి కథ తెలుగువాళ్ళకు దగ్గరి కథ. 2017 సెప్టెంబరు 10న గోవాలో బయలుదేరి 2018 మే 21న భూమిని చుట్టి అక్కడికే తిరిగొచ్చిన ఆ పడవలో కెప్టెన్ వర్తికా జోషి, ప్రతిభా జమ్వాల్, విజయాదేవి, పాయల్ గుప్తాలతో పాటు విశాఖ అమ్మాయి పి.స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. 254 రోజులు, 21,600 నాటికల్ మైళ్ళు. నీళ్ళ మీద గడిచినవి 199 రోజులని నౌకాదళం లెక్క. అంటే రేవుల్లో 55 రోజులు.

పత్రికలన్నీ ఆ 199 రోజుల గురించే రాశాయి. పసిఫిక్‌లో తుపాను, ఇంటి పైకప్పు దాటే అలలు, జనవరి 19న కేప్ హార్న్ మలుపు. రాయాల్సినవే. కానీ ఆ 55 రోజులు లేకపోతే ఆ 199 లేవు. ఆస్ట్రేలియాలో ఫ్రీమాంటిల్, న్యూజిలాండ్‌లో లిటిల్టన్, ఫాక్‌లాండ్స్‌లో పోర్ట్ స్టాన్లీ, దక్షిణాఫ్రికాలో కేప్ టౌన్. అనుకున్న మజిలీలు ఈ నాలుగే. ప్రతిచోటా దాదాపు రెండు వారాలు ఆగారు. ప్రతిచోటా వచ్చే మజిలీకి పడవను సిద్ధం చేసుకున్నారు. ఎందుకంటే తర్వాతి రేవు వేల మైళ్ళ అవతల ఉంది, మధ్యలో ఏ మెకానిక్కూ రాడు. అయిదోది అనుకోని మజిలీ. చివరి అంకంలో చుక్కాని తిప్పే యంత్రాంగం పాడై మారిషస్‌లోని పోర్ట్ లూయిస్‌లో ఆగాల్సి వచ్చింది. ఇంటికి ఇక ఒక్క మహాసముద్రమే మిగిలి ఉండగా, ఆగి బాగుచేయించుకుని కదలడానికి కావలసిన ఓర్పు కూడా శిక్షణలో వచ్చేదే.

ఆ శిక్షణలో విశాఖ రేవుకూ వాటా ఉంది. 2016 ఫిబ్రవరిలో విశాఖలో అంతర్జాతీయ నౌకాదళ సమీక్ష జరిగింది. నాటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ వందనం స్వీకరించిన ఆ వేడుకకు తరంగిణి, సుదర్శినితో పాటు ‘మాదేయి’ అనే చిన్న తెరచాప పడవా వచ్చింది. ఆ పడవను విశాఖ నుంచి గోవాకు నడుపుకుంటూ వెళ్ళింది అమ్మాయిల జట్టే. తర్వాత తారిణి ఎక్కబోయే జట్టుకు తొలి పాఠాల్లో ఒకటి అది. వీళ్ళకు గురువు దిలీప్ దొండే, 2009-10లో ఒంటరిగా భూమిని చుట్టివచ్చిన తొలి భారతీయుడు. ఇదే తారిణి మీద 2024 అక్టోబరులో దిల్నా, రూప అనే మరో ఇద్దరు ఆఫీసర్లు బయలుదేరి 2025 మేలో తిరిగొచ్చారు. ఈసారి ఆరుగురు కాదు, ఇద్దరే.

బీచ్ రోడ్డు మీద యుద్ధ విన్యాసాలు చూడ్డానికి 2016 ఫిబ్రవరిలో లక్షల జనం వెళ్ళాం. మాదేయి పేరు ఎంతమందికి గుర్తుంది?

చంపావతి ఎటు పోతుంది

రామతీర్థం అనగానే రాముడి గుడి, శ్రీరామనవమి కల్యాణం గుర్తొస్తాయి. సముద్రం ఎవరికీ గుర్తు రాదు. కానీ దానికి దగ్గర్లోని నెల్లిమర్ల పక్కన పారే చంపావతి కోనాడ దగ్గర సముద్రంలోనే కలుస్తుంది. రామతీర్థంలోని బోధికొండ, గురుభక్తుల కొండ, దుర్గకొండల మీద బౌద్ధ, జైన శిథిలాలున్నాయి. ఉత్తరాంధ్రలో ఇలాంటి కొండలు గుర్తు చేసుకోండి. వంశధార ఒడ్డున శాలిహుండం, భీమిలి పావురాలకొండ, తొట్లకొండ, బావికొండ. అన్నీ తీరానికి కూతవేటులోనో, రేవుకు పోయే దారిలోనో ఉన్నాయి. భిక్షువులకు అన్నం పెట్టినవాళ్ళలో ఓడ వర్తకులూ ఉన్నారనడానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు.

ఆ తీరంలో ‘రేవు’ అంటే గోడా, గుంజా ఉన్న రేవు కాదు. కళింగపట్నంలో, భీమిలిలో ఓడ సముద్రంలోనే లంగరు వేసుకుని నిలబడేది. మనుషులనూ సరుకునూ మసులా పడవల్లో కెరటాలు దాటించేవాళ్ళు. మేకు కొట్టకుండా కొబ్బరితాడుతో పలకలు కుట్టిన పడవలవి. కెరటం కొట్టినప్పుడు విరగవు, వంగుతాయి. రంగూన్ పోయిన మన తాతముత్తాతల్లో ఎందరో ఓడెక్కే ముందు ఎక్కింది ఆ పడవే. ఓడ లోపలికి వచ్చి నిలబడే రేవు మనకు 1933లో కానీ రాలేదు. ఆ ఏడాది అక్టోబరు 7న ‘జలదుర్గ’ అనే ఓడ విశాఖ రేవులోకి మొదటిసారి ప్రవేశించింది. ఆ రేవు నోటి దగ్గర అలల ఉరవడి తగ్గించడానికి జానస్, వెలెడన్ అనే రెండు పాత ఓడలను కావాలనే ముంచి అడ్డం పెట్టారు. ఓడలకు నీడ ఇవ్వడానికి ఓడలనే ముంచారు. విశాఖ పిల్లలకు డాల్ఫిన్ నోస్ చూపించేటప్పుడు ఈ సంగతి ఎవరైనా చెబుతున్నారో లేదో.

ఇక ఈ తీరానికి చెందిన అసలు సముద్ర విద్యార్థుల మాట. వాళ్ళకు తెల్ల యూనిఫారం ఉండదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకార పల్లెల నుంచి ఏటా వందల మంది కుర్రాళ్ళు గుజరాత్‌లోని వెరావల్ పోయి మరపడవలెక్కుతారు. వారాల తరబడి వేట, ఒడ్డుకు రాగానే చేపలు దించడం, వల బాగుచెయ్యడం, ఐసూ డీజిలూ నీళ్ళూ ఎక్కించడం, మళ్ళీ పోవడం. రేవులో రోజు వాళ్ళకూ సెలవు కాదు. పడవ పెద్దను అక్కడ తండేల్ అంటారు. 2018 నవంబరులో మన జిల్లాల మత్స్యకారులు పాకిస్తాన్ చేతికి చిక్కి 2020 జనవరిలో విడుదలై వచ్చాక ఆ మాట మనకు తెలిసింది, 2025లో సినిమా పేరయ్యాక ఇంటింటికీ తెలిసింది. సినిమాలో జైలు ఉంది, ప్రేమ ఉంది. వాళ్ళకు తెలిసిన విద్య గురించి ఎవరూ మాట్లాడలేదు. నీటి రంగు చూసి లోతు చెప్పగలవాడికి, చీకట్లో చేత్తో వల చిరుగు పట్టుకోగలవాడికి మన చదువుల్లో ఒక్క సర్టిఫికెట్టూ లేదు. క్యాడెట్‌కు జీతమిచ్చి నేర్పే విద్యలో సగం వీళ్ళకు పదహారేళ్ళకే వచ్చు.

మరి పేద పిల్లలకు తెరచాప నేర్పే తెలుగు బడి ఏదంటే నాకు గుర్తొచ్చేది సముద్రం కాదు, హుస్సేన్ సాగర్! యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ ఏళ్ళ తరబడి మురికివాడల పిల్లలను, ప్రభుత్వ బడుల పిల్లలను చిన్న పడవలెక్కించి జాతీయ పోటీల దాకా పంపిస్తోంది. అక్కడ తాడు పట్టిన ప్రీతి కొంగర దేశం తరఫున పోటీపడింది. చెరువు మీద అంత పని జరిగింది. వెయ్యి కిలోమీటర్లకు అటూ ఇటూగా తీరమున్న రాష్ట్రంలో, పుట్టుకతో ఈత వచ్చిన పిల్లలున్న పల్లెల్లో అలాంటి బడి పేరు చెప్పమంటే తడుముకోవాల్సి వస్తోంది. ఎన్‌సీసీ నేవీ విభాగం ఉంది, నిజమే. దాని 27 అడుగుల వేలర్ పడవల్లో అయిదు తెడ్లు, తెరచాపలతో క్యాడెట్లు రోజుల తరబడి తీరం వెంట పోతారు, దారిలో ఊళ్ళల్లో దిగుతారు. తారిణి మీద వెళ్ళిన స్వాతి కూడా ఎన్‌సీసీ నుంచి వచ్చిన అమ్మాయే. కానీ ఆ విభాగం ఉన్న కాలేజీలో సీటొచ్చిన పిల్లలకే ఆ పడవ.

శ్రీకాకుళం జిల్లా మూలపేటలో కొత్త పోర్టు కడుతున్నారు. 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. అంత పెద్ద రేవులో ఒక మూల నాలుగు చిన్న పడవలు, ఒక షెడ్డు, వెరావల్ నుంచి తిరిగొచ్చిన ఇద్దరు అనుభవజ్ఞులకు గురువులుగా ఉద్యోగాలు. పెద్ద ఖర్చేమీ కాదు. కట్టడం పూర్తికాకముందే అడగాలి. ఏటా నేవీ డే వేడుకలకు విశాఖకు తరంగిణినో సుదర్శినినో పంపమని కూడా అడగొచ్చు. యుద్ధనౌక ఎక్కిన పిల్లలు తుపాకీ ముందు ఫోటో దిగి వస్తారు. తెరచాప ఓడ ఎక్కిన పిల్లల చేతికి తాడు తగులుతుంది.

అంతదాకా రామతీర్థం పిల్లకు ఆ ఓడ దారి ఒకటి దగ్గర్లోనే ఉంది. విజయనగరం పక్కన కోరుకొండ సైనిక్ స్కూలు. విజయనగరం రాజవంశీకుడు పి.వి.జి.రాజు ఇచ్చిన కోటలో 1962 జనవరి 18న మొదలైంది. అక్కడి నుంచి జాతీయ రక్షణ అకాడమీ (ఎన్‌డీఏ), ఎన్‌డీఏ నుంచి ఎజిమల, ఎజిమల నుంచి కొచ్చిలో తరంగిణి. ఎన్‌డీఏలో తొలి అమ్మాయిల జట్టు, పదిహేడు మంది, 2025 మేలో చదువు ముగించుకుని బయటికొచ్చింది. సైనిక్ స్కూల్లో ఆరో తరగతికి అఖిల భారత ప్రవేశ పరీక్ష రాయాలి. చేరే ఏడాది మార్చి 31 నాటికి వయసు పదికీ పన్నెండుకూ మధ్య ఉండాలి. ఆడపిల్లలూ రాయొచ్చు.